పాలీఅనిలిన్ పొర ఎక్కడ ఆపాలో తెలియడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది

మే 2న నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా అయిపోయింది. రెండు రోజులు కంటినిండా నిద్రపోయి, ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నాను. ఇంకో నెల ఆగితే పడ్డ పాట్లన్నీ మరిచిపోయి, ఎవరైనా అడిగితే "ఆ, బాగానే జరిగింది" అనేస్తానేమోనని భయం. వచ్చే ఏడాది ఈ పని తీసుకునే జూనియర్లకు ఏ రోజులు ఎక్కడ పోతాయో ముందే తెలియాలి. పాలీఅనిలిన్ అంటే అనిలిన్ అణువులు గొలుసులా కలిసి ఏర్పడే, కరెంటు పారే పాలిమర్. సైకిల్ అంటే వోల్టేజీని ఒకసారి పైకి, మళ్లీ కిందికి తిప్పడం. పేపర్లలో "ఎలక్ట్రోడ్ మీద 20 సైకిళ్లు పాలీఅనిలిన్ పెంచాం" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ ఒక్క వాక్యానికి నాకు జనవరి, ఫిబ్రవరి పూర్తిగా, మార్చిలో సగం పట్టాయి.

నాకు ఇచ్చిన పని ఇది. చేతికి చుట్టుకునేలా వంగే ప్లాస్టిక్ పట్టీ మీద పాలీఅనిలిన్ పొర పెంచాలి, దాంతో చెమట పీహెచ్ కొలవాలి. చుట్టూ ఆమ్లం ఎక్కువైతే ఆ పొర ప్రోటాన్లను పట్టుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. దాన్నిబట్టి పొర వోల్టేజీ మారుతుంది. ఆ వోల్టేజీ చదివి పీహెచ్ చెప్పాలి. మా గైడ్ మేడమ్ డిసెంబరులో చెప్పినప్పుడు రెండు నెలల పని అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి మార్చికల్లా అయిపోతుందమ్మా అని కూడా చెప్పేశాను.

జనవరి 6న లాబ్‌లో అడుగుపెట్టాను. బీరువాలో అనిలిన్ సీసా ఉంది, కానీ లోపల ఉన్నది మిరియాల కషాయంలా ముదురు గోధుమ రంగులో ఉంది. స్వచ్ఛమైన అనిలిన్ నీళ్లలా ఉంటుంది. గాలి, వెలుతురు తగిలినకొద్దీ పసుపు తిరిగి, తర్వాత గోధుమ రంగుకు వస్తుంది. ఇదెన్నేళ్ల సీసానో ఎవరికీ గుర్తులేదు. 8వ తేదీన కొత్త సీసాకు, ఐటీఓ (కరెంటు పారే పారదర్శక పూత) పూసిన పెట్ ప్లాస్టిక్ షీట్లకు ఇండెంట్ (కొనమని కోరే కాగితం) పెట్టాను. మూడు కొటేషన్లు, సంతకాలు, మళ్లీ సంతకాలు. సరుకు చేతికొచ్చింది ఫిబ్రవరి 18న. 41 రోజులు. ఇది ఎవరి తప్పూ కాదు, పద్ధతి అంతే. కానీ నాకు ఎవరూ ముందు చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను: టాపిక్ ఖాయమైన రోజునే ఇండెంట్ పెట్టేయండి, ఏం చదవాలన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఆ లోపు పాత అనిలిన్‌నే శుద్ధి చేసుకోవాలి. వాక్యూమ్ పంపు పక్క ఆర్గానిక్ లాబ్‌లో ఒక్కటే ఉంది. సంక్రాంతికి అందరూ ఊళ్లకెళ్లారు, నేనూ వెళ్లాను. తిరిగొచ్చాక నా వంతు వచ్చింది జనవరి 22న. మా లాబ్ స్కాలర్ అన్న పక్కనే నిలబడి చేయించాడు. ఫ్లాస్కులో చిటికెడు జింకు పొడి వేసి మెల్లగా వేడిచేశాం. మామూలుగా 184 డిగ్రీల దగ్గర మరిగే అనిలిన్, గాలి లాగేస్తే ఎనభై లోపే మరగడం మొదలుపెట్టింది. మొదట వచ్చిన కాస్తా పక్కకు తీసేశాం. తర్వాత కండెన్సర్ చివర వేలాడిన చుక్క నాకిప్పటికీ కళ్లముందే ఉంది. అవతల ఫ్లాస్కులో కషాయం, ఇవతల గాజులా తేటగా ఒక్కో చుక్క. రెండూ ఒకే పదార్థమంటే నమ్మబుద్ధి కాలేదు.

ఒక జాగ్రత్త. అనిలిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్ రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకుని, ఫ్యూమ్ హుడ్‌లోనే చేశాను. ఎండలో వాసన ఎక్కువైందని మాస్కు పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి. శుద్ధి చేసినదాన్ని ముదురు గాజు సీసాలో పోసి, నైట్రోజన్ ఊది, అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. అయినా ఫిబ్రవరి మొదటివారానికే లేత పసుపు పడింది. అందుకే ఒకేసారి ఎక్కువ తీసి దాచుకోవడం దండగ.

జనవరి 24, శుక్రవారం. మొదటిసారి పొర పెంచడానికి కూర్చున్న రోజు. ద్రావణం: ఒక మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లలో 0.46 మిల్లీలీటర్ల అనిలిన్. అంటే 0.1 మోలార్. స్కాలర్ అన్న దగ్గర మిగిలిన ఐటీఓ షీటు ముక్కలు నాలుగిచ్చాడు. ఎదురుగా ప్లాటినం తీగ, పక్కన వోల్టేజీ పోల్చి కొలవడానికి సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్. మైనస్ 0.2 వోల్టుల నుంచి 0.9 దాకా, మళ్లీ వెనక్కి, సెకనుకు 50 మిల్లీవోల్టుల వేగం. ఒక్కో సైకిల్‌కు 44 సెకన్లు. వోల్టేజీ తిప్పి కరెంటు కొలిచే మెషిన్ బటన్ నొక్కాను. తెర మీద కరెంటు గీత నేలకు అంటుకుపోయింది. పది సైకిళ్లు చూశాను, పావు వంతు మైక్రోఆంపియర్ కూడా లేదు.

రసాయనం పాడైందనుకున్నాను. ద్రావణం మళ్లీ చేశాను. మళ్లీ అంతే. గంటన్నర అయ్యాక అన్న వచ్చి, ఏమీ అనకుండా మల్టీమీటర్ తెచ్చి షీటు రెండువైపులా ముల్లు ఆనించాడు. ఐటీఓ ఒకవైపే ఉంటుంది. నేను ప్లాస్టిక్ వైపు క్లిప్పు పెట్టి, ప్లాస్టిక్‌ను ద్రావణం వైపు తిప్పి కూర్చున్నాను. కంటికి రెండువైపులా ఒకేలా మెరుస్తుంది. ఇప్పుడు నేను ముక్క కోయగానే కరెంటు పారే వైపు ఒక మూల మార్కర్‌తో చుక్క పెడుతున్నాను.

తిప్పి పెట్టాను. ఈసారి కరెంటు గట్టిగా వచ్చింది, సున్నా వోల్టుల దగ్గర సూదిలాంటి పీక్ (గీతలో శిఖరం) లేచింది. ద్రావణంలో లీలగా నీలిపచ్చ ఛాయ కూడా కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోటో తీసి మేడమ్‌కు పంపేశాను. అన్న ఆ గీత చూసి తల అడ్డంగా ఊపాడు. పాలీఅనిలిన్ పీక్ అంత సన్నగా, అంత నిటారుగా ఉండదట. క్లిప్పు పైకి తీసి చూపించాడు. మొసలినోటి క్లిప్పు పళ్లు ఆమ్లంలో మునిగాయి. పూత కరిగిపోయి లోపలి రాగి ఎర్రగా బయటపడింది. నేను చూసిందంతా ఆ రాగి కరగడం, మళ్లీ షీటు మీద పేరుకోవడం. మేడమ్‌కు మళ్లీ మెసేజ్ పెట్టడానికి ఎంత మొహమాటపడ్డానో చెప్పలేను. ఆవిడ మాత్రం "సరే, క్లిప్పు పైన ఉంచు, మంగళవారం చూద్దాం" అని ఊరుకున్నారు. ఆ శని, ఆదివారాలు హాస్టల్లో అన్నం సయించలేదు.

మంగళవారం, జనవరి 28. షీటు పైభాగాన రాగి టేపు అతికించి, క్లిప్పును టేపుకు పెట్టి, ద్రావణాన్ని ఒక సెంటీమీటరు ఎత్తుకే పోశాను. మొదటి సైకిల్లో 0.9 వోల్టులకు చేరుతుండగా కరెంటు ఒక్కసారిగా పైకి లేచింది. షీటు మీద మాత్రం ఏమీ లేదు. రెండోది, మూడోది. నాలుగో సైకిల్లో బీకరుకు కన్ను ఆనించి చూస్తే, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరిలాంటి మసక. అందులో లేత ఆకుపచ్చ.

ఆ తర్వాత నేను తెర చూడటం మానేసి బీకరే చూశాను. వోల్టేజీ కిందికి దిగినప్పుడు పొర లేత పసుపై దాదాపు మాయమైపోతుంది. పైకి వెళుతుంటే చిగురాకు పచ్చ, ఇంకా పైకి వెళితే నీలం, చివర ఊదా. మళ్లీ వెనక్కి అదే దారిలో. ప్రతి 44 సెకన్లకు ఒకసారి. ప్రతిసారీ రంగు ఇంకాస్త చిక్కబడుతుంది. తెర మీద ఒక గీత చుట్టూ ఇంకో గీత, ఒకే ముగ్గును ప్రతిసారీ ఇంకాస్త పెద్దగా వేసినట్టు పెరుగుతూ పోయింది. 20 సైకిళ్లకు 14 నిమిషాల 40 సెకన్లు. అంతసేపు నేను కుర్చీలో కూర్చోలేదు. అయిపోయాక షీటు బయటికి తీసి నీళ్లతో కడిగితే ముదురు ఆకుపచ్చ చతురస్రం, అంచులు గీసినట్టు. మా అమ్మకు వీడియో కాల్ చేశాను. ఆవిడ కాసేపు చూసి "దీనికేనా ఇన్నాళ్ల అవస్థ" అంది, తర్వాత "ఇంకోసారి ఆ రంగు మార్చి చూపించు" అంది. చూపించాను.

అక్కడ ఒక తప్పు ఆలోచన పట్టుకుంది నన్ను. ఇంత పొర ఇంత బాగుంటే, ఇంకా మందంగా పెంచితే సిగ్నల్ ఇంకా బాగుంటుంది కదా అనుకున్నాను. ఫిబ్రవరి 3న 50 సైకిళ్లు పెట్టాను. ముప్పై ఏడు నిమిషాలు. పొర నలుపుకు దగ్గరగా, ముఖమల్ గుడ్డలా వచ్చింది. కడగడానికి పిచికారీ సీసాతో నీళ్లు కొట్టగానే ఒక మూల లేచింది. ఆరబెట్టాక మిగతాది పెంకులు పెంకులుగా రాలింది. పొర పెరిగేకొద్దీ కింద షీటుతో పట్టు తక్కువ, లోపల ఒత్తిడి ఎక్కువ. పైగా ఒకసారి పాలిమర్ పడ్డాక దాని మీద కొత్తది ఇంకా వేగంగా పడుతుంది, కాబట్టి చివరి ఇరవై సైకిళ్లలో పడింది మొదటి ఇరవైలో పడినదానికంటే చాలా ఎక్కువ. ఆ పెంకుల్ని ఒక చిన్న గాజు సీసాలో వేసి దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు.

ఫిబ్రవరి 10న ఇంకో దెబ్బ. 20 సైకిళ్ల ముక్కను పెన్సిల్ చుట్టూ ఒక్కసారి చుట్టాను. చుట్టకముందు వందల ఓమ్‌లలో ఉన్న షీటు, విప్పాక వేల ఓమ్‌లు చూపించింది. ఐటీఓ ఒక ఆక్సైడ్, అంటే గాజులాంటిదే. ప్లాస్టిక్ వంగుతుంది కానీ దాని మీదున్న ఐటీఓ చిట్లుతుంది. చేతికి చుట్టే పట్టీకి ఇది పనికిరాదు. నేను నెలకు పైగా ఎదురుచూస్తున్న ఇండెంట్ షీట్లు కూడా ఇవే. అవి ఎనిమిది రోజుల తర్వాత వచ్చినప్పుడు ప్యాకెట్ విప్పడానికి కూడా చేతులు రాలేదు.

మేడమ్ కార్బన్ ఇంకుతో ప్రింట్ చేద్దామన్నారు. మళ్లీ ఇండెంట్ అంటే మళ్లీ 41 రోజులు, అప్పటికి మార్చి చివరికి వస్తాం. అందుకని ఇంకు నేనే కొన్నాను. చిన్న డబ్బా, 3,400 రూపాయలు, ఆ డబ్బు మా ఇంట్లో అన్నయ్య పంపాడు. ప్రింట్ ఎక్కడ చేయించాలన్నది తర్వాతి ప్రశ్న. మా లాబ్‌లో ఆ మెషిన్ లేదు. హైదరాబాద్‌లో స్క్రీన్ ప్రింటింగ్ అంటే నాకు తెలిసింది పెళ్లి కార్డులే, పెళ్లి కార్డులంటే ఛత్తా బజార్. ఫిబ్రవరి 12న వెళ్లాను. మాఘమాసం, ముహూర్తాలు ముంచెత్తుతున్నాయి. నాలుగు దుకాణాల్లో తల ఎత్తి కూడా చూడలేదు. ఐదో దుకాణంలో ఉన్న పెద్దాయన డిజైన్ చూసి, "ఇది కార్డు కాదు, ఇదేం బొమ్మ బేటా?" అన్నాడు. చెప్పాను. చెమట అనగానే ఆసక్తిగా విన్నాడు. ఈ నెల పెళ్లిళ్లు అయిపోనీ, మార్చి మొదట్లో రా అన్నాడు.

మార్చి 5, సాయంత్రం. రంజాన్ నెల, మూడు రోజులైంది మొదలై. ఇఫ్తార్ అయ్యేదాకా బయట కూర్చున్నాను, లోపలికి పిలిచి ముందు చేతిలో ఖర్జూరాలు పెట్టాడు. తర్వాత డబ్బా మూత తీసి గరిటెతో ఇంకు ఎత్తి చూశాడు. గేదె పెరుగులా గట్టిగా ఉంది. "కొంచెం రెడ్యూసర్ కలిపితే సాఫీగా దిగుతుంది" అన్నాడు. ఇంకును పలుచన చేసే ద్రవం అది. వద్దు చాచా, అది కలిపితే లోపలి కార్బన్ పాళ్లు మారిపోతాయి, కరెంటు పారదు అన్నాను. ఆయన వాదించలేదు. కార్డులకు వాడే సన్నటి మెష్ పక్కన పెట్టి, లోపల్నుంచి బట్టల మీద ప్రింట్ చేసే ఫ్రేము తెచ్చాడు. కన్నాలు పెద్దవి, గట్టి ఇంకైనా దిగుతుంది. ఇంకు లాగే స్క్వీజీని మూడుసార్లు కడిగించాడు, పాత ఎరుపు రంగు చార కూడా మిగలకుండా. "నీ పరీక్షలో మా రంగు రాకూడదు కదా" అన్నాడు. ఓహెచ్‌పీ షీటు మీద ఒక్క లాగు లాగి ఫ్రేము ఎత్తితే, కింద ఇరవై నాలుగు నల్లటి పట్టీలు, ఒక్కో చివర మూడు మిల్లీమీటర్ల గుండ్రం. అంచు ఎక్కడా పాకలేదు. ఫ్రేముకు, పనికి కలిపి 900 తీసుకున్నాడు. నెలన్నరగా నాకు తెలిసిన రసాయనశాస్త్రం చేయలేని పని ఆయన మెష్ మార్చి పది నిమిషాల్లో చేసేశాడు.

ఆరబెట్టడంలో నేను తొందరపడ్డాను. మొదటి షీటును ఓవెన్‌లో 90 డిగ్రీలకు పెట్టాను, అప్పడంలా చుట్టుకుపోయింది. ఓహెచ్‌పీ షీటు కూడా పెట్ ప్లాస్టిక్కే, ఆ వేడికి మెత్తబడిపోతుంది. రెండోది 60 దగ్గర రెండు గంటలు ఉంచితే బాగా వచ్చింది. మూడు సెంటీమీటర్ల పొడవునా నాలుగు వందల ఓమ్‌ల దగ్గర చూపించింది.

ఇక పొర పెంచాలి. ఇక్కడ నేను ఊహించని ఇబ్బంది ఒకటి ఎదురైంది. కార్బన్ నల్లగా ఉంటుంది. దాని మీద ఆకుపచ్చ కనిపించదు. జనవరిలో నాకు ధైర్యం ఇచ్చిందే ఆ రంగు. ఇప్పుడు బీకరులో నల్లటి పట్టీ, 15 నిమిషాల తర్వాత కూడా నల్లటి పట్టీయే. పొర పడిందో లేదో తెర మీది గీత చూసి నమ్మడమే. ఆరాక వెలుతురులో వాల్చి చూస్తే పావురం మెడ మీదుండే లాంటి పచ్చటి మెరుపు కొద్దిగా కనిపిస్తుంది, అంతే.

గీతలేమో ఘోరంగా వచ్చాయి. పీక్‌లు సాగిపోయి, ఒకదానికొకటి దూరంగా జరిగి, గుర్తుపట్టలేనట్టు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక కారణం మల్టీమీటర్ రీడింగులోనే ఉందని తెలిసింది. నేను పట్టీని సెంటీమీటరు లోతు ముంచుతున్నాను, అంతమేరా పొర పెరుగుతోంది, కరెంటు ఒక మిల్లీఆంపియర్ దాకా వస్తోంది. నాలుగు వందల ఓమ్‌లలో ఒక మిల్లీఆంపియర్ పారితే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. మెషిన్ 0.9 అని చూపిస్తున్నా, పట్టీ చివరికి చేరేది 0.5 మాత్రమే. అందుకే పొర పైన మందంగా, కొన దగ్గర అసలు లేకుండా పడింది. పట్టీ కాడ మీద సిల్వర్ పేస్టు పూసి, ఆరాక దాని మీద నెయిల్ పాలిష్ రెండు పూతలు వేశాను, ఆమ్లం తగలకుండా. బయట మిగిలింది మూడు మిల్లీమీటర్ల గుండ్రం ఒక్కటే. సిల్వర్ పేస్టు 1,150, నెయిల్ పాలిష్ 60. పీక్‌లు మళ్లీ తమ చోటికి వచ్చాయి.

ఇంకొకటి. కొత్త కార్బన్ ప్రింటు మీద నీటి చుక్క వేస్తే తామరాకు మీద చుక్కలా నిలబడిపోతుంది. ఇంకులోని జిగురు పైకి తేలడం వల్ల. అలాగే పెంచితే పొర మచ్చలు మచ్చలుగా పడుతుంది. అనిలిన్ లేకుండా ఉత్త సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 1.2 వోల్టుల దాకా పది సైకిళ్లు తిప్పితే ఉపరితలం మారి చుక్క పరుచుకుంటుంది. ఆ తర్వాతే అనిలిన్. ఈ మెట్టు దాటేయకండి.

మార్చి 11న మొదటిసారి నాకు నచ్చిన పట్టీ వచ్చింది. ఆ రోజే 13వ సైకిల్లో ఇంకో పట్టీ పెరుగుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ అరనిమిషం కూడా నిలవలేదు. మెషిన్ ఆగిపోయి, ఫ్యాన్లు ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలో బీకరు ముందు కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోను. ఆ పట్టీ పారేస్తానంటే అన్న ఆపాడు, కడిగి పక్కన పెట్టమన్నాడు. తర్వాత బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో) పెట్టి చూస్తే 20 సైకిళ్ల వాటికంటే అదే నిలకడగా ఉంది. పట్టీని రెండు సెంటీమీటర్ల పైపు చుట్టూ వందసార్లు వంచి విప్పాను. 20 సైకిళ్ల పొరకు సన్నటి బీటలు పడి రీడింగు గెంతులు వేసింది. 13 దగ్గర ఆగిపోయినదానికి మూడు మిల్లీవోల్టులే మారింది.

అప్పటినుంచి నేను సైకిళ్లు లెక్కపెట్టడం మానేశాను. ఒక్కో పట్టీ ఒక్కోలా ఉంటుంది, ఒకటి పదికే పట్టుకుంటుంది, ఇంకోటి పద్నాలుగు అడుగుతుంది. 0.2 వోల్టుల దగ్గర లేచే మొదటి పీక్ ఎత్తు చూస్తాను. నా మూడు మిల్లీమీటర్ల గుండ్రానికి అది 0.25 మిల్లీఆంపియర్లకు రాగానే ఆపేస్తాను. పీక్ కనిపించడం మొదలయ్యాక పై హద్దును 0.9 నుంచి 0.8కి తగ్గిస్తాను. ఎక్కువ వోల్టేజీలో పాలిమర్ తనంతట తాను పాడవుతుంది, మధ్యలో 0.5 దగ్గర అక్కర్లేని పీక్ ఒకటి మొలవడమే దానికి గుర్తు. ఈ పద్ధతి పట్టుకున్నాక ఇరవై పట్టీలు చేశాను, పద్నాలుగు బాగా వచ్చాయి. అంతకుముందు పదికి రెండు వచ్చేవి కావు.

ఉగాదికి ఇంటికి వెళ్లలేదు. మార్చి 30న హాస్టల్ పచ్చడి తిని మధ్యాహ్నం లాబ్‌కు వచ్చాను. కొత్త పట్టీని బఫర్‌లో పెడితే మొదటి గంటలో వోల్టేజీ ఇరవై మిల్లీవోల్టులు జారుతుంది. ముందురోజు రాత్రంతా పీహెచ్ 7 బఫర్‌లో నానబెడితే ఆ జారుడు రెండు, మూడుకు తగ్గింది. ఇది కనిపెట్టడానికి నాకు వారం పట్టింది, నానబెట్టడానికి ఒక రాత్రి చాలు. పీహెచ్ 4 నుంచి 8 దాకా కొలిచాను. ఏప్రిల్‌లో మా లాబ్‌లో 34 డిగ్రీలు, ఆ వేడికి ఒక్కో పీహెచ్‌కు లెక్కప్రకారం 61 మిల్లీవోల్టులు రావాలి. నా పట్టీలకు 53 నుంచి 57 మధ్య వచ్చాయి. ఎనిమిది దాటాక పొర మందగిస్తుంది, దానిలోని ప్రోటాన్లు పోయి విద్యుత్ పారడం తగ్గిపోతుంది. ఆ మార్పు కార్బన్ మీద కనిపించదు కాబట్టి పక్కన ఎప్పుడూ ఒక ఐటీఓ ముక్కను కూడా అదే బఫర్‌లో ముంచి ఉంచేదాన్ని. అది నీలం తిరిగితే ఇక ఆగాలని గుర్తు. పనికిరావనుకున్న ఇండెంట్ షీట్లు అలా నాకు కళ్లయ్యాయి.

రిఫరెన్స్ కూడా పట్టీ మీదే ఉండాలని సిల్వర్ పేస్టు చుక్కకు ఫెర్రిక్ క్లోరైడ్ తగిలించి సిల్వర్ క్లోరైడ్ చేశాను. పని చేసింది కానీ, ద్రావణంలో ఉప్పు మారినప్పుడల్లా దాని వోల్టేజీ కూడా మారింది. చెమటలో ఉప్పు మనిషికీ మనిషికీ, పూటకీ పూటకీ వేరు. నాకు అప్పటికి వ్యవధి లేదు, గాజు రిఫరెన్స్‌తోనే ముగించాను. ఈ పని తీసుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడినుంచే.

ఏప్రిల్ 22. పట్టీని ఒంటికి తగిలించడానికి మేడమ్ ఒప్పుకోలేదు. పొరలో అనిలిన్ ఆనవాళ్లు మిగిలి ఉండొచ్చు, అది తేల్చకుండా చర్మానికి ఆనించకూడదు అన్నారు. ఆవిడ మాటే న్యాయం. అందుకని మిట్టమధ్యాహ్నం మా బిల్డింగు మెట్లు నాలుగు అంతస్తులు ఆరుసార్లు ఎక్కి దిగి, మోచేతి మడతలో నిలిచిన చెమటను ఫిల్టర్ పేపర్ ముక్కకు పీల్చుకున్నాను. ఆ ముక్కను పట్టీ గుండ్రం మీద పరిచి, మీద రిఫరెన్స్ కొన ఆనించాను. రీడింగు నిలబడటానికి నలభై సెకన్లు. లెక్కగడితే 5.8. పీహెచ్ పేపర్ ఆరుకు కాస్త కింద చూపించింది. అన్న తన చెమటతో చేయించుకున్నాడు, 6.3. మేడమ్ వచ్చి నిలబడి చూశారు, ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు.

నా చేతినుంచి అయిన ఖర్చు, ఆటోలు తీసేసి, ఐదున్నర వేలు. వాడిన అనిలిన్ ఆమ్లమంతా ముదురు సీసాలో పోసి లేబుల్ వేసి ఉంచాను, సింకులో పోయకండి.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ రిపోర్టు తిరగేసి ఒకటే గట్టిగా అడిగారు: అందరూ ఇరవై, ముప్పై సైకిళ్లు వేస్తుంటే నువ్వు పన్నెండు దగ్గర ఎందుకు ఆపావు? నేను బ్యాగులోంచి ఫిబ్రవరిలో దాచిన పెంకుల సీసా తీసి బల్లమీద పెట్టాను, పక్కన పైపు చుట్టూ వందసార్లు వంగిన పట్టీ పెట్టాను. ఆయన సీసాను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. తర్వాత పట్టీ అందుకుని తన పెన్ను చుట్టూ తనే చుట్టారు.

మిగిలిన ఏడు పట్టీలు బటర్ పేపర్‌లో చుట్టి, ఒక్కోదాని మీద తేదీ, పీక్ ఎత్తు రాసి, కిటికీ పక్క బెంచి రెండో డ్రాయర్‌లో పెట్టాను. వాడుకునేవాళ్లు ముందురోజు రాత్రే పీహెచ్ 7 బఫర్‌లో నానబెట్టండి. ఛత్తా బజార్ ఫ్రేము కూడా అక్కడే ఉంది, దానికి అంటిన ఇంకు కడిగే పెట్టాను.